ఎమీలియో బోటిన్, శాంటాండర్ బ్యాంకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమీలియో బోటిన్ ఎవరు?

స్పెయిన్‌కు చెందిన శాంటాండర్ బ్యాంకుకు 1986 నుంచి 2014లో చనిపోయేదాకా, అంటే దాదాపు 28 ఏళ్లు ఛైర్మన్‌గా ఉన్న వ్యక్తి. 1934 అక్టోబరు 1న ఉత్తర స్పెయిన్‌లోని శాంటాండర్ అనే ఓడరేవు పట్నంలో పుట్టాడు. ఆయన పగ్గాలు పట్టేనాటికి అది స్పెయిన్‌లోనే చెప్పుకోదగ్గ ఏడు బ్యాంకుల్లో చిన్న వాటిలో ఒకటి. ఆయన పోయేనాటికి మార్కెట్ విలువలో యూరో దేశాల బ్యాంకులన్నింటికంటే ముందుంది. ఖాతాదారులు పది కోట్ల పైచిలుకు. బ్రెజిల్, బ్రిటన్, మెక్సికో, చిలీ, పోలండ్, అమెరికా, అన్నిచోట్లా ఆ ఎర్ర బోర్డు కనిపించేది.

ఆయన గురించి తెలుసుకోవాల్సిన అసలు విషయం, నా దృష్టిలో, బ్యాంకు సైజు కాదు. ఏది ఎప్పుడు కొనాలో, ముఖ్యంగా ఎప్పుడు అమ్మేయాలో ఆయనకు తెలిసినంతగా ఆ కాలపు బ్యాంకర్లలో చాలా కొద్దిమందికే తెలుసు. అయితే అధికారమంతా ఒక్క చేతిలో పెట్టుకుని నడిపిన పద్ధతి వల్ల కోర్టు కేసులూ వచ్చాయి, మామూలు ఖాతాదారులకు నష్టాలూ వచ్చాయి. ఒకటి చెప్పి రెండోది దాచడం సరికాదు. అందుకే ఇక్కడ రెండూ చెబుతున్నాను.

బ్యాంకు ఈ కుటుంబం చేతికి ఎలా వచ్చింది?

బ్యాంకును స్థాపించింది బోటిన్‌లు కాదు. 1857లో రెండో ఇసబెల్ రాణి అనుమతితో శాంటాండర్ వర్తకులు దాన్ని పెట్టుకున్నారు. కాస్తీయ ప్రాంతపు గోధుమ పిండి ఆ రేవు నుంచే ఓడలెక్కి క్యూబాకు వెళ్లేది, అక్కడి నుంచి చక్కెర వచ్చేది. ఆ వ్యాపారానికి అప్పులు, హుండీలు (వర్తకుల చెల్లింపు పత్రాలు) కావాలి కదా, అందుకోసం పుట్టిన బ్యాంకు. లాటిన్ అమెరికాతో సంబంధం దానికి పుట్టుకతోనే ఉందన్నమాట.

మన బోటిన్ తాతగారు ఎమీలియో బోటిన్ లోపెజ్ 1909లో మొదటిసారి ఛైర్మన్ అయ్యాడు. తండ్రి, ఆయన పేరూ ఎమీలియోనే, 1950 నుంచి 1986 దాకా ముప్ఫై ఆరేళ్లు నడిపాడు. ప్రాంతీయ బ్యాంకుగా ఉన్నదాన్ని చిన్న చిన్న బ్యాంకులు కొంటూ దేశమంతటికీ విస్తరించింది ఆయనే. 1986లో ఎనభై మూడేళ్ల వయసులో తప్పుకుని కొడుక్కి అప్పగించాడు. అప్పటికి కొడుకు వయసు యాభై రెండు. కొత్తగా వచ్చిన వారసుడేమీ కాదు, అప్పటికే బ్యాంకులో 28 ఏళ్లు పనిచేసి ఉన్నాడు.

ఆల్తమీరా గుహలకూ వీళ్లకూ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే, అదీ దగ్గరి చుట్టరికం. శాంటాండర్‌కు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, శాంతియానా దెల్ మార్ దగ్గర ఉంది ఆ గుహ. 1879లో మార్సెలీనో సాన్స్ దె సౌతువోలా అనే భూస్వామి అక్కడ తవ్వకాలు జరుపుతున్నాడు. రాతిపనిముట్లు, ఎముకల కోసం ఆయన చూపంతా నేల మీదే. వెంట వచ్చిన ఎనిమిదేళ్ల కూతురు మరియా తల పైకెత్తి చూసింది. గుహ కప్పు నిండా ఎర్రటి, నల్లటి రంగుల్లో అడవి దున్నలు. పాలియోలిథిక్ (పాత రాతియుగపు) మనుషులు వేసిన బొమ్మల్లో ఐరోపా చూసిన తొలి గొప్ప కుడ్యచిత్రాలు అవి.

మరుసటి ఏడాది సౌతువోలా చిన్న పుస్తకం వేశాడు. పండితులు నమ్మలేదు. గుహల్లో బతికిన మనుషులకు ఇంత కళ ఎక్కడిదన్నారు, ఎవరితోనో వేయించాడని నింద వేశారు. ఆ నింద మోస్తూనే 1888లో ఆయన కన్నుమూశాడు. ఫ్రాన్స్‌లో అలాంటి గుహలు వరసగా బయటపడ్డాక, 1902లో ఆయన్ను గట్టిగా వ్యతిరేకించిన ఎమిల్ కార్తాయాక్ తప్పు ఒప్పుకుంటూ వ్యాసం రాశాడు. చనిపోయి పద్నాలుగేళ్లయ్యాక వచ్చిన క్షమాపణ. ఈ కథ ఎప్పుడు చదివినా మనసు కలుక్కుమంటుంది.

ఆ పాప మరియా పెద్దయ్యాక ఎమీలియో బోటిన్ లోపెజ్‌ను పెళ్లాడింది. అంటే మన బోటిన్‌కు స్వయానా నానమ్మ. ఇంటిపేరులో బోటిన్ పక్కన సాన్స్ దె సౌతువోలా కలిపి ఉండటానికి కారణం ఇదే.

చదువు, తొలి ఉద్యోగం?

గిహోన్‌లో జెసూయిట్ల స్కూలు, తర్వాత బిల్బావోలోని దేవుస్తో విశ్వవిద్యాలయంలో లా, ఎకనామిక్స్. 1958లో బ్యాంకులో చేరాడు.

“సూపర్ అకౌంట్” అంటే ఏమిటి? దాన్ని అంత పెద్ద విషయంగా ఎందుకు చెబుతారు?

1980ల చివరిదాకా స్పెయిన్‌లో పెద్ద బ్యాంకులు ఏడు. బనెస్తో, సెంట్రల్, హిస్పానో అమెరికానో, బిల్బావో, విస్కాయా, శాంటాండర్, పొపులార్. వీటి ఛైర్మన్లు కలిసి భోజనం చేసేవారు, ఒకరి ఖాతాదారుల జోలికి ఇంకొకరు వెళ్లేవారు కాదు. మామూలు కరెంటు ఖాతాలో డబ్బు పెట్టినవాడికి వడ్డీ నామమాత్రమే. అదే డబ్బును బ్యాంకు రెండంకెల వడ్డీకి అప్పిచ్చేది.

1989 సెప్టెంబరులో బోటిన్ ఈ పెద్దమనుషుల ఒప్పందాన్ని తెంపేశాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు డబ్బు తీసుకునే ఖాతా మీద 11 శాతం వడ్డీ ఇస్తామని టీవీల్లో, పేపర్లలో హోరెత్తించాడు. జనం క్యూ కట్టారు. మిగతావాళ్లకు ముందు కోపం వచ్చింది, తర్వాత వేరే దారి లేక వాళ్లూ వడ్డీలు పెంచారు.

ఇందులో లెక్క ఒకటి ఉంది. డిపాజిట్లు ఎక్కువగా ఉన్న పెద్ద బ్యాంకు ఇలా వడ్డీ పెంచితే పాత ఖాతాలన్నింటికీ ఎక్కువ చెల్లించాల్సి వస్తుంది, లాభం కరిగిపోతుంది. శాంటాండర్‌కు పాత డిపాజిట్లు వాళ్లంత లేవు. పోయేది తక్కువ, వచ్చేది ఎక్కువ. చిన్నగా ఉండటాన్నే బలంగా మార్చుకున్నాడు. తర్వాత ఇళ్ల రుణాల్లోనూ, మ్యూచువల్ ఫండ్లలోనూ ఇదే పద్ధతిలో ధరల యుద్ధం నడిపాడు. మామూలు స్పెయిన్ మనిషికి బ్యాంకుల పోటీ వల్ల నాలుగు డబ్బులు దక్కింది అప్పుడే. ఆయన చేసిన మంచి పనుల జాబితా ఎవరైనా రాస్తే దీన్నే మొదట రాయాలి.

బనెస్తో బ్యాంకు ఆయన చేతికి ఎలా చిక్కింది?

1993 డిసెంబరు 28న స్పెయిన్ కేంద్ర బ్యాంకు బనెస్తోను స్వాధీనం చేసుకుంది. దాని అధిపతి మారియో కోందె అప్పట్లో దేశంలో పేరు మోగిపోతున్న యువ ఫైనాన్షియర్. లెక్కలు తీస్తే 60,500 కోట్ల పెసెటాల లోటు తేలింది. బ్యాంకును శుభ్రం చేసి వేలానికి పెట్టారు.

1994 ఏప్రిల్‌లో సీలు వేసిన కవర్లలో మూడు బిడ్లు వచ్చాయి. అర్హెంతారియా అనే బ్యాంకు షేరుకు 566 పెసెటాలు రాసింది. పాత ఏడింటిలోని రెండు కలిసి ఏర్పడ్డ బిల్బావో విస్కాయా 667 రాసింది. బోటిన్ రాసింది 762. మొత్తం దాదాపు 31,300 కోట్ల పెసెటాలు. రెండో బిడ్ కంటే షేరుకు 95 పెసెటాలు ఎక్కువ పెట్టాడంటే అవసరానికి మించి ఇచ్చాడనే అనిపిస్తుంది. ఆయన మాత్రం వేరేగా చూశాడు. ఇలాంటి బ్యాంకు మళ్లీ అమ్మకానికి రాదు. ఇది ప్రత్యర్థి చేతికి వెళ్తే శాంటాండర్ ఎప్పటికీ వెనకబడే ఉంటుంది. ఆ రోజుతో శాంటాండర్ స్పెయిన్‌లో మొదటి వరసకు వచ్చేసింది. బనెస్తో పేరును, శాఖలను చాలా ఏళ్లు విడిగానే ఉంచి, 2013లో పూర్తిగా కలిపేసుకున్నారు.

1999 విలీనం తర్వాత ఏం జరిగింది?

యూరో కరెన్సీ మొదలై పక్షం రోజులు తిరక్కుండానే, 1999 జనవరి 15న, శాంటాండర్, సెంట్రల్ హిస్పానో (పాత ఏడింటిలోని సెంట్రల్, హిస్పానో అమెరికానో కలిసి ఏర్పడ్డ బ్యాంకు) కలిసిపోతున్నట్టు ప్రకటించాయి. యూరో ప్రాంతంలో తొలి పెద్ద బ్యాంకు విలీనం అది. కాగితం మీద ఇద్దరూ సమానులే. సెంట్రల్ హిస్పానో వైపు నుంచి హోసే మరియా అముసాతెగి సహ ఛైర్మన్, ఆంహెల్ కోర్కోస్తెగి సీఈఓ.

2001లో అముసాతెగి వెళ్లిపోయాడు. 2002లో కోర్కోస్తెగి వెళ్లిపోయాడు. పింఛను, బోనస్ పేరుతో మొదటాయనకు 4.37 కోట్ల యూరోలు, రెండో ఆయనకు 10.8 కోట్ల యూరోలు ముట్టాయి. అంత డబ్బు షేర్‌హోల్డర్ల జేబులోంచి ఎలా ఇచ్చారంటూ కేసు పడింది. బోటిన్ కోర్టు బోనులో నిలబడాల్సి వచ్చింది. 2005లో జాతీయ కోర్టు నిర్దోషిగా తేల్చింది, 2006లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. చట్టప్రకారం అక్కడితో ముగిసింది. సమాన భాగస్వాములుగా వచ్చినవాళ్లు మూడేళ్లు గడిచేసరికి ఎవరూ మిగల్లేదన్న మాట మాత్రం మిగిలిపోయింది.

కుటుంబానికి ఉన్న వాటా ఎంత?

చాలామంది పొరపడే చోటు ఇది. బ్యాంకు బోటిన్‌లదే అనుకుంటారు. కానీ ఆయన పోయేనాటికి కుటుంబం చేతిలో ఉన్నది సుమారు 2 శాతం షేర్లు. మిగతాదంతా లక్షలాది చిన్న ఇన్వెస్టర్లది, ఫండ్లది.

మరి ఎలా నడిపారు? ఒకటి, షేర్లు అంత చెల్లాచెదురుగా ఉన్నప్పుడు కూడగట్టుకుని ఎదురు నిలిచే పెద్ద వాటాదారు ఎవరూ ఉండరు. రెండు, డైరెక్టర్ల బోర్డును ఆయన తనకు నమ్మకమైనవాళ్లతో నింపుకున్నాడు, కుటుంబ సభ్యులూ అందులో ఉండేవారు. మూడోది అన్నింటికంటే ముఖ్యం, ఏటా డివిడెండ్ ఆగకుండా ఇచ్చాడు. చేతికి డబ్బు వస్తున్నంత కాలం వాటాదారు ప్రశ్నించడు. రెండు శాతంతో ఇంత పెద్ద బ్యాంకును తాత, తండ్రి, కొడుకు, మనవరాలు వరసగా నడపడం మంచి పద్ధతా అంటే, కాదనే నా అభిప్రాయం. ఫలితాలు బాగున్నాయి కాబట్టి చెల్లిపోయింది. ఫలితాలు బాగుండకపోతే అడ్డుకునేవాళ్లు లోపల ఉండేవారు కాదు.

లాటిన్ అమెరికాలో అంత ధైర్యంగా ఎలా పెట్టుబడి పెట్టాడు?

భాష ఒకటే, చట్టాల మూలాలు దగ్గరివి, బ్యాంకుకు అక్కడ పాత పరిచయాలు. 1990ల్లో చిలీ, అర్జెంటీనా, మెక్సికో, కొలంబియా, ఇలా ఒక్కో దేశంలో బ్యాంకులు కొంటూ పోయాడు. అన్నీ కలిసిరాలేదు, 2001 చివర్లో అర్జెంటీనా కుప్పకూలినప్పుడు గట్టి దెబ్బే తగిలింది.

మలుపు మాత్రం బ్రెజిల్. 2000 నవంబరులో సావో పాలో రాష్ట్రపు బ్యాంకు బనెస్పాను ప్రైవేటుపరం చేశారు. ప్రభుత్వం పెట్టిన కనీస ధర 185 కోట్ల రియాల్‌లు. బోటిన్ 705 కోట్లు పెట్టాడు. దాదాపు నాలుగు రెట్లు! వేలంపాటలో ఉన్నవాళ్లే నివ్వెరపోయారు. అప్పుడు పిచ్చి ధర అన్నవాళ్లు తర్వాత మాట మార్చుకున్నారు. 2011 నాటికి గ్రూపు లాభంలో నాలుగో వంతుకు పైగా బ్రెజిల్ నుంచే వచ్చింది. స్పెయిన్‌లో ఇళ్ల వ్యాపారం మునిగిన కాలంలో ఆ డబ్బే బ్యాంకును నిలబెట్టింది.

బ్రిటన్‌లోకి ఎలా అడుగుపెట్టాడు?

1988 నుంచే రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్‌తో పొత్తు ఉంది. ఒకరి షేర్లు ఇంకొకరు కొనుక్కుని, బోర్డుల్లో ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. పదిహేనేళ్లు అలా దగ్గరుండి బ్రిటన్ బ్యాంకింగ్ చూశాక, 2004లో ఆబీ నేషనల్ బ్యాంకును సుమారు 850 కోట్ల పౌండ్లకు కొన్నాడు. ఆబీ అప్పటికి నష్టాల్లోంచి బయటపడుతూ ఉంది. కొన్నాక చేసిన పని ఆర్భాటంగా ఏమీ లేదు. ఖర్చులు తగ్గించారు, శాంటాండర్ సొంత కంప్యూటర్ వ్యవస్థ “పార్తెనోన్”ను అక్కడ పెట్టారు. 2008 సంక్షోభంలో అలయెన్స్ అండ్ లెస్టర్ బ్యాంకును, బ్రాడ్‌ఫర్డ్ అండ్ బింగ్లే బ్యాంకు శాఖలను, డిపాజిట్లను చవగ్గా చేర్చుకున్నారు. 2010 నుంచి అన్నింటికీ శాంటాండర్ పేరే.

ఏబీఎన్ ఆమ్రో డీల్ గురించి అంతగా ఎందుకు మాట్లాడతారు?

ఒకే డీల్‌లో ముగ్గురు చేరి, ఇద్దరు మునిగి, ఒకడు లాభంతో బయటపడ్డాడు కాబట్టి.

2007లో నెదర్లాండ్స్ బ్యాంకు ఏబీఎన్ ఆమ్రోను రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్, బెల్జియం బ్యాంకు ఫోర్టిస్, శాంటాండర్ కలిసి సుమారు 7,100 కోట్ల యూరోలకు కొన్నాయి. అప్పటికి బ్యాంకింగ్ చరిత్రలో అంత పెద్ద కొనుగోలు లేదు. కొనకముందే ముక్కలు పంచుకున్నారు. పెద్ద సంస్థలకు అప్పులిచ్చే వ్యాపారం, ట్రేడింగ్ స్కాట్లండ్ బ్యాంకుకు. నెదర్లాండ్స్ శాఖలు ఫోర్టిస్‌కు. బోటిన్ అడిగింది రెండే. బ్రెజిల్‌లోని బాంకో రియాల్, ఇటలీలోని ఆంతోన్‌వెనెతా.

డీల్ పూర్తయి నెల తిరక్కముందే, 2007 నవంబరు 8న, ఆంతోన్‌వెనెతాను ఇటలీకే చెందిన మోంతె దెయ్ పాస్కికి 900 కోట్ల యూరోలకు అమ్ముతున్నట్టు ప్రకటించాడు. పంపకాల్లో దానికి కట్టిన విలువ 660 కోట్లు. అందులోని ఒక విభాగాన్ని తన దగ్గరే ఉంచుకుని మరీ ఆ ధర రాబట్టాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడమంటే ఇదే. మరో ఏడాది ఆగి ఉంటే ఆ బ్యాంకును కొనేవాళ్లే ఉండేవారు కాదు.

2008 శరదృతువుకల్లా ఫోర్టిస్ ముక్కలైపోయింది, స్కాట్లండ్ బ్యాంకును బ్రిటన్ ప్రభుత్వం ప్రజాధనంతో కాపాడింది. ఆ 900 కోట్ల భారం మోసిన మోంతె దెయ్ పాస్కి, ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న బ్యాంకుల్లో అతి పాతది, చివరికి 2017లో ఇటలీ ప్రభుత్వం చేతికి వెళ్లింది. బోటిన్ చేతిలో మాత్రం తనకు కావలసిన బాంకో రియాల్ మిగిలింది. దాన్ని బనెస్పాతో కలిపి, 2009 అక్టోబరులో శాంటాండర్ బ్రెజిల్ షేర్లను మార్కెట్‌కు తెచ్చి సుమారు 800 కోట్ల డాలర్లు సేకరించాడు.

2008 సంక్షోభంలో ప్రభుత్వ సాయం తీసుకున్నారా?

లేదు. ప్రభుత్వం నుంచి మూలధనం తీసుకోకుండానే గట్టెక్కారు, ఆ ఏళ్లలో ఒక్క ఏడాది కూడా నష్టం చూపలేదు. కారణాలు కొన్ని ఆయన గొప్పతనం, కొన్ని కాదు. స్పెయిన్ కేంద్ర బ్యాంకు 2000 నుంచే మంచి రోజుల్లో అదనంగా నిధులు పక్కన పెట్టాలని అన్ని బ్యాంకులనూ కట్టడి చేసింది. అది అందరికీ పనికొచ్చింది. ఆయన సొంత నిర్ణయాలూ ఉన్నాయి. ధరలు పడిపోకముందే సొంత భవనాలు అమ్మి అద్దెకు తీసుకున్నాడు. మాడ్రిడ్ శివార్లలో బోఅదీయా దెల్ మోంతె దగ్గర 2004లో కట్టిన ఊరంత హెడ్డాఫీసు ప్రాంగణాన్నే 2008లో 190 కోట్ల యూరోలకు అమ్మేశాడు.

అలాగని దెబ్బ తగల్లేదని కాదు. 2007లో 900 కోట్ల యూరోలు దాటిన లాభం 2012లో దాదాపు 220 కోట్లకు పడిపోయింది. అదే ఏడాది బాంకియా అనే మరో పెద్ద బ్యాంకును జాతీయం చేసి, బ్యాంకుల కోసం స్పెయిన్ ఐరోపా ముందు చేయిచాచాల్సి వచ్చింది.

మరి ఖాతాదారులు నష్టపోలేదా?

నష్టపోయారు. ఈ ప్రశ్నను చాలా జీవిత చరిత్రలు రెండు లైన్లలో దాటేస్తాయి, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

2008 డిసెంబరులో అమెరికాలో బెర్నార్డ్ మేడాఫ్ అనే ఫైనాన్షియర్ నడిపిన పెట్టుబడుల మోసం బయటపడింది. శాంటాండర్‌కు చెందిన ఆప్టిమల్ అనే ఫండ్ సంస్థ ద్వారా ఖాతాదారుల సొమ్ము 233 కోట్ల యూరోలు అందులో ఇరుక్కుంది. ప్రైవేట్ బ్యాంకింగ్ ఖాతాదారులకు 138 కోట్ల మేర పరిహారం ఇస్తామన్నారు. నగదుగా కాదు, ఏటా 2 శాతం ఇచ్చే ప్రిఫరెన్స్ షేర్ల రూపంలో. పెద్ద సంస్థలకు అదీ లేదు.

రెండోది మామూలు కుటుంబాలను తాకింది. ఏబీఎన్ ఆమ్రో కొనడానికి డబ్బు కావాలి కదా, 2007లో “వలోరెస్ శాంటాండర్” పేరుతో 700 కోట్ల యూరోల బాండ్లు అమ్మారు. కొన్నది దాదాపు 1,29,000 మంది, ఎక్కువగా శాఖల్లో మేనేజర్ మాట మీద నమ్మకంతో కొన్నవాళ్లు. మొదటి ఏడాది వడ్డీ 7 శాతం పైనే. షరతు ఏమిటంటే అయిదేళ్లలో ఆ బాండ్లు ముందే నిర్ణయించిన ధరకు బ్యాంకు షేర్లుగా మారతాయి. 2012 అక్టోబరులో మారే రోజు వచ్చేసరికి షేరు మార్కెట్ ధర ఆ మార్పిడి ధరలో సగం కూడా లేదు. డిపాజిట్ లాంటిదే అనుకున్న పెద్దవాళ్ల సొమ్ము చాలావరకు అలా కరిగిపోయింది. అమ్మిన తీరులో లోపాలున్నాయని మార్కెట్ నియంత్రణ సంస్థ 2014లో 1.69 కోట్ల యూరోల జరిమానా వేసింది. 700 కోట్ల ఇష్యూకు అది ఏ మూలకు?

ఇది ఎక్కువ బాధ కలిగించే కారణం ఒకటుంది. 2008 సంక్షోభం మధ్యలో బోటిన్ ఒక బ్యాంకింగ్ సదస్సులో తన సూత్రం చెప్పాడు. పూర్తిగా అర్థం కానిది కొనొద్దు, మీకోసం మీరు కొనుక్కోనిది ఖాతాదారుకు అమ్మొద్దు, బాగా తెలియని మనిషికి అప్పివ్వొద్దు, ఇదీ దాని సారాంశం. బ్యాంకింగ్‌లో ఇంతకంటే మంచి సూత్రం లేదు. తన కౌంటర్లలోనే దాన్ని పాటించి ఉంటే ఎంతోమంది రిటైర్డ్ మనుషులు నిశ్చింతగా నిద్రపోయేవారు.

“బోటిన్ సూత్రం” అని స్పెయిన్ కోర్టుల్లో అంటారే, అది ఇదేనా?

కాదు, అది వేరు. 1988–91 మధ్య శాంటాండర్ ఖాతాదారులకు ఒక ప్రత్యేక రకం పథకాలు అమ్మింది. తాను ఇచ్చిన అప్పుల్లో భాగాన్ని వాళ్లకు బదిలీ చేసినట్టు చూపించి, వడ్డీ మీద ముందస్తు పన్ను కోత లేకుండా చేసేవారు. నల్లడబ్బు దాచడానికి ఇది దారి అయిందని ఆరోపణ. కేసు ఏళ్ల తరబడి సాగింది. చివరికి ప్రాసిక్యూటర్, ప్రభుత్వ న్యాయవాది ఇద్దరూ కేసు మూసేయమన్నారు. నేరంతో నేరుగా నష్టపోకపోయినా పౌరులు, సంఘాలు ఫిర్యాదుదారులుగా చేరే హక్కు స్పెయిన్‌లో ఉంది. అలా చేరినవాళ్లు మాత్రమే విచారణ జరగాలని పట్టుబట్టారు. వాళ్లొక్కరు అడిగితే సరిపోదని 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. దానికే ఆయన పేరు స్థిరపడిపోయింది. 2016లో స్పెయిన్ రాకుమారి క్రిస్తీనా మీద పన్ను కేసు నడిచినప్పుడు ఆమె లాయర్లు ఇదే తీర్పును పట్టుకుని బయటపడాలని చూశారు, పాల్మా కోర్టు ఒప్పుకోలేదు. ఆమె విచారణను ఎదుర్కొంది, 2017లో నిర్దోషిగా బయటికొచ్చింది.

స్విస్ ఖాతాల వ్యవహారం ఏమిటి?

హెచ్‌ఎస్‌బీసీ జెనీవా శాఖ నుంచి ఒక ఉద్యోగి బయటికి తెచ్చిన జాబితాలో బోటిన్ కుటుంబం పేరు కనిపించింది. 1936లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు తండ్రి దేశం వదిలి వెళ్లినప్పటి ఖాతా అని కుటుంబం చెప్పింది. 2010లో పన్ను శాఖ నోటీసు పంపాక సుమారు 20 కోట్ల యూరోలు కట్టారు. 2011లో జాతీయ కోర్టు విచారణ మొదలుపెట్టింది, పన్ను కట్టేశారు కాబట్టి 2012లో మూసేసింది. దేశంలోనే అతి పెద్ద బ్యాంకు నడిపే కుటుంబం దశాబ్దాలపాటు విదేశంలో చెప్పని ఖాతా ఉంచుకోవడం సమర్థించలేని విషయం.

కుటుంబం, ఇష్టాల సంగతి?

భార్య పలోమా ఓషియా పియానో కళాకారిణి. శాంటాండర్‌లో అంతర్జాతీయ పియానో పోటీని, మాడ్రిడ్‌లో రెయినా సోఫియా సంగీత పాఠశాలను స్థాపించింది. ఆరుగురు పిల్లలు. కూతురు కార్మెన్ కొన్నాళ్లు గోల్ఫ్ దిగ్గజం సెవె బయెస్తెరోస్ భార్య. బోటిన్‌కూ గోల్ఫ్ అంటే ప్రాణం, వేట అన్నా ఇష్టం. ఫార్ములా వన్‌లో ముందు మెక్‌లారెన్‌కు, 2010 నుంచి ఫెరారీకి బ్యాంకు స్పాన్సర్‌గా ఉండేది. ఎర్ర టై లేకుండా ఆయన ఫొటో దొరకడం కష్టం. విశ్వవిద్యాలయాలకు స్కాలర్‌షిప్పులు, పరిశోధన నిధుల కోసం 1996లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇంకా నడుస్తోంది.

తమ్ముడు హైమె బాంకింతేర్ బ్యాంకుకు ఒకప్పటి అధినేత. 2015లో ఆయన పడవలో దొరికిన పికాసో చిత్రం, దాన్ని అనుమతి లేకుండా దేశం దాటించాడన్న కేసులో శిక్ష, అదో పెద్ద కథ.

ఎప్పుడు, ఎలా చనిపోయాడు?

2014 సెప్టెంబరు 9 రాత్రి, మాడ్రిడ్ దగ్గర ఇంట్లో గుండెపోటుతో. వయసు 79. అప్పటికీ పూర్తి స్థాయిలో పనిలోనే ఉన్నాడు. అదే వారం ఎల్ కోర్తె ఇంగ్లేస్ స్టోర్ల అధిపతి ఇసిదోరో ఆల్వారెస్ కూడా పోవడంతో స్పెయిన్ వ్యాపార లోకంలో ఒక తరం ఒక్కసారిగా వెళ్లిపోయినట్టయింది. అంత్యక్రియలు కాంటాబ్రియాలోని పువెంతె సాన్ మిగేల్‌లో, నానమ్మ పుట్టింటివాళ్ల ఎస్టేటులో జరిగాయి.

కూతురు అనాకు ఛైర్మన్ పదవి వారసత్వంగా ఇచ్చేశారా?

సెప్టెంబరు 10న బోర్డు కూర్చుని, ఆ రోజే అనా బోటిన్‌ను ఏకగ్రీవంగా ఎన్నుకుంది. ఇంటిపేరు సాయపడలేదని ఎవరూ అనలేరు. అయితే ఆమె దారి పూలబాట కూడా కాదు. అమెరికాలో చదివి, జేపీ మోర్గన్‌లో ఏడేళ్లు పనిచేసి, 1988లో శాంటాండర్‌కు వచ్చింది. 1999 విలీనం సమయంలో ఆమెను కాబోయే అధినేతగా చూపిస్తూ పత్రికలో కథనం రావడం భాగస్వాములకు టెన్షన్ పెట్టింది. తండ్రి ఉన్న బ్యాంకులోంచే ఆమె తప్పుకోవాల్సి వచ్చింది. మూడేళ్ల తర్వాత బనెస్తో ఛైర్మన్‌గా తిరిగొచ్చింది. 2010 చివర్లో బ్రిటన్ శాఖ సీఈఓ అయింది.

వచ్చీ రాగానే తండ్రి ముట్టుకోని చోట చెయ్యి పెట్టింది. 2015 జనవరిలో ఒక్క రోజులో 750 కోట్ల యూరోల కొత్త మూలధనం సేకరించింది, డివిడెండును షేరుకు 60 సెంట్ల నుంచి 20కి కోసింది. తండ్రి అన్నేళ్లు ఎంత కష్టమైనా తగ్గించని డివిడెండు అది. మార్కెట్ ఆ రోజు షేరును చితక్కొట్టింది, కానీ బ్యాంకుకు కావలసిన బలం అదే. 2017 జూన్‌లో కూలిపోతున్న బాంకో పొపులార్‌ను ఒక్క యూరోకు తీసుకుంది. పాత ఏడుగురిలో మరొకటి అలా శాంటాండర్‌లో కలిసింది.

యూకేలో మన పిల్లలు ఖాతా తెరిచే శాంటాండర్ ఇదేనా? స్పెయిన్‌లో ఏమైనా అయితే డబ్బుకు ప్రమాదమా?

ఇదే గ్రూపు. హైదరాబాదు, విజయవాడల నుంచి చదువుకోడానికి వెళ్లినవాళ్లు చాలామంది చూసే ఎర్ర బోర్డు, బోస్టన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకూ తెలిసిన పేరు. రెండో ప్రశ్నకు జవాబు బోటిన్ పెట్టిన ఒక పద్ధతిలో ఉంది. ఆయన ప్రతి దేశంలో శాఖలను మాడ్రిడ్‌కు తోకల్లా పెట్టలేదు. విడి కంపెనీగా, విడి మూలధనంతో, ఆ దేశపు లైసెన్సుతో పెట్టాడు. శాంటాండర్ యూకే బ్రిటన్ చట్టం కింద ఉన్న బ్యాంకు, పర్యవేక్షణ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ది, డిపాజిట్లకు బ్రిటన్ బీమా పథకం నిర్ణీత పరిమితి దాకా వర్తిస్తుంది. మీ ఖాతాకు వర్తించే నిబంధనల కోసం స్పెయిన్ వార్తలు కాదు, బ్రిటన్ డిపాజిట్ బీమా సంస్థ ప్రకటించే తాజా పరిమితి చూసుకోవాలి.